బన్ను కేసు: అందరూ కాలే చూశారు

శనివారం రాత్రి ఎనిమిదింపావుకి ఏలూరులో మా క్లినిక్ ముందు ఆటో ఆగింది. వెనక సీట్లో గోనె పట్టా మీద కుక్క, దాని తల ఒళ్ళో పెట్టుకుని టీ కొట్టు ఆయన. డ్రైవరు పక్కన బి.ఫార్మసీ చదివే కుర్రాడు, సెల్‌ఫోన్ లైటు వెనక్కి పట్టుకుని కూర్చున్నాడు. హనుమాన్ జంక్షన్ ఇవతల హైవే సర్వీసు రోడ్డు మీద ఆయన టీ బండి. మూడేళ్ళుగా పొద్దునా సాయంత్రం అక్కడ బన్ను ముక్కలు తిని పెరిగిన కుక్క కాబట్టి పేరు కూడా బన్నే. ఏడున్నరకి వ్యాను గుద్ది ఆగకుండా పోయిందట.

"కాలు చూడండమ్మా, ఎముక బయటికొచ్చేసింది" అన్నాడాయన దిగుతూనే. నిజమే. ఎడమ వెనక కాలు మోకాలి కింద నుంచి తోలు మేజోడు ఊడదీసినట్టు ఊడిపోయి ఉంది. ఎముక రెండు చోట్ల విరిగి ఒక కొన బయట కనిపిస్తోంది. దాని మీద పసుపు, పసుపు మీద రోడ్డు మట్టి. మా అసిస్టెంటు కుర్రాడు కొత్త. వాడి కళ్ళు కూడా కాలు మీదే.

నేను మాత్రం డొక్క చూశాను. అది ఎగిరెగిరి పడుతోంది. నిమిషానికి 72 సార్లు, పైపైన. నోటికి టవలు గట్టిగా బిగించి కట్టారు, కరుస్తుందని. ముందు ఆ టవలు విప్పించాను. గాలి ఆడని కుక్కకి నోరు కడితే దానికి ఉన్న ఒక్క దారీ మూసినట్టే. కరుస్తుందన్న భయం అనవసరమని నేననను. తల దగ్గర ఒకళ్ళు మందపాటి దుప్పటి మెడ చుట్టూ చుట్టి పట్టుకుంటే చాలు. చేతులు కోరలకి దూరంగా ఉంటాయి, దానికి గాలీ ఆడుతుంది.

కేసు షీటులో ఆ మొదటి రెండు నిమిషాల్లో రాసింది ఇది: ఆడ, సుమారు మూడేళ్ళు, 14 కిలోలు. గుండె నిమిషానికి 184. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటింది, మామూలుగా రెండులోపే రావాలి. ఒళ్ళు 97.8 డిగ్రీలు. కుక్కకి 101 నుంచి 102.5 దాకా ఉండాలి కాబట్టి ఇది చల్లబడిపోయినట్టు. పై బీపీ 70. పిలిస్తే కళ్ళు తిప్పుతోంది. మూడు కాళ్ళూ గిల్లితే లాక్కుంటోంది, కాబట్టి వెన్నెముక మీద భయం కొంచెం తగ్గింది. స్టెతస్కోపు పెడితే ఛాతీ కింద భాగంలో ఊపిరి శబ్దం ఉంది, పైన వీపు వైపు దాదాపు లేదు.

దెబ్బ తిన్న కుక్కలో ఆ చివరి మాట చాలు. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరింది. ఎక్స్‌రే బల్ల పక్క గదిలోనే ఉంది. కానీ ఊపిరాడని కుక్కని పక్కకి తిప్పి, కాళ్ళు సాగదీసి ఎక్స్‌రే తీయబోతే బల్ల మీదే పోయినవి నేను చూశాను. అందుకే బోర్లా పడుకోబెట్టి ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టించాను. ఎనిమిదో పక్కటెముక ముందు, డొక్క పై మూడో వంతులో వెంట్రుకలు గొరిగి, సీతాకోకచిలుక సూది మూడు దార్ల కుళాయితో కలిపి దించాను. పక్కటెముక వెనక అంచుని రక్తనాళం అంటిపెట్టుకుని పోతుంది కాబట్టి సూది ఎప్పుడూ ఎముక ముందంచున దిగాలి. కుడివైపు 230 మిల్లీలీటర్ల గాలి వచ్చింది, ఎడమవైపు 140. కుడివైపు సిరంజి నాలుగోసారి లాగేటప్పటికే అది మూతి ఎత్తి చుట్టూ చూసింది. ఊపిరి 40కి దిగింది.

"ఇంకా కాలు ముట్టుకోలేదేంటమ్మా?" అన్నాడాయన అప్పుడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక.

కాలి గాయం కోసం ఆ రాత్రి మేం ఖర్చుపెట్టింది ఆరేడు నిమిషాలు. సెలైన్‌తో పైపైన కడిగి, తడి గాజుగుడ్డ పరిచి, పైన వంటింట్లో వాడే ప్లాస్టిక్ పొర చుట్టి, కాలు కదలకుండా దూది కట్టు వేశాం. సెఫజోలిన్ 300 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాం. బయటపడిన ఎముకకి యాంటీబయాటిక్ ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది, దానికి మాత్రం ఆలస్యం చేయకూడదు. మిగతాదంతా ఆగుతుంది.

నొప్పి ఆగదు. చాలామంది 'ముందు ప్రాణం, తర్వాత నొప్పి' అనుకుంటారు. నాకు ఆ లెక్క నచ్చదు, అది వైద్యపరంగా కూడా తప్పు. నొప్పితో ఉన్న కుక్క పైపైన ఊపిరి తీస్తుంది, గుండె పరిగెడుతుంది, చూడనివ్వదు. సూది దించకముందే బ్యూటార్ఫనాల్ కిలోకి 0.3 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చాను. దాని పని గంట, గంటన్నర మించి నిలవదు. అందుకని తర్వాత చిన్న మోతాదులో కెటమిన్ సెలైన్ పంపుతో రాత్రంతా నడిపించాం. మెలాక్సికామ్ అనే నొప్పి మందు దగ్గరకే వెళ్ళలేదు. బీపీ లేని కుక్కకి అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

అక్కడే ఇంకో చిక్కు. ఫార్మసీ కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు, దారిలో డైక్లోఫెనాక్ మాత్ర సగం, అంటే 25 మిల్లీగ్రాములు, నోట్లో వేశామని. వాడిని తిట్టలేదు. నొప్పికి ఏడుస్తున్న దాన్ని చూడలేక చేశాడు. కానీ మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలని పాడు చేస్తాయి. రక్తం పోయిన కుక్కలో ఇంకా ఎక్కువ. వాంతి చేయిద్దామంటే ఊపిరి బాగోలేదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ ఇంకో ప్రమాదం. పాంటోప్రజోల్ ఇచ్చి, కిడ్నీల మీద కన్నేసి ఉంచాలని షీటు మీద ఎర్ర పెన్నుతో రాశాను. ఆ ఎర్ర గీతే మర్నాడు నన్ను పక్కదారి పట్టించింది.

సెలైన్ విషయం. రింగర్ లాక్టేట్ 210 మిల్లీలీటర్లు, అంటే కిలోకి 15, ఇరవై నిమిషాల్లో ఎక్కించి మళ్ళీ అన్నీ కొలిచాను. గుండె 160, బీపీ 82. ఇంకోసారి 210. బీపీ 96. అక్కడ ఆపాను. ఒకేసారి లీటరు కుమ్మరిస్తే నలిగిన ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, లోపల గడ్డకట్టిన చోట రక్తం మళ్ళీ కారుతుంది. వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టాం. అర్ధరాత్రికి ఒళ్ళు 100కి వచ్చింది. ఫోన్లో ఒక సీనియర్ మిత్రుడు 'డెక్సా వేశావా' అని అడిగాడు. వేయలేదు. మేం చదువుకునే రోజుల్లో షాక్ అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేయమనేవాళ్ళు. ఇప్పుడు దెబ్బతగిలిన కుక్కకి దానివల్ల మేలు లేదని తెలుసు. పైగా డైక్లోఫెనాక్ తిన్న కడుపులో డెక్సా వేస్తే పుండు మీద కారం చల్లినట్టే.

పదిగంటలకి కాస్త ఊపిరి పీల్చుకుని టీ తాగుతుంటే ఫార్మసీ కుర్రాడి కుడిచేతికి కట్టిన రుమాలు కనిపించింది. విప్పమంటే విప్పలేదు. "ఏం లేదు మేడం, గీరుకుంది." గీరుకోవడం కాదు, రెండు కోరలు దిగి రక్తం వచ్చింది, మాత్ర వేసేటప్పుడు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగించి, అదే ఆటోలో ప్రభుత్వాసుపత్రికి పంపించాను. రక్తం వచ్చిన కాటుకి రేబిస్ టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పనిచేసే యాంటీబాడీలు) కూడా వేయాలి. మా క్లినిక్‌లో అందరికీ ముందస్తు టీకాలున్నాయి కాబట్టి మాకు కాటు పడితే రెండు డోసులు, కరిచిన రోజు ఒకటి, మూడురోజుల తర్వాత ఒకటి. వాడికి అలా కుదరదు. కుక్క మంచిదే, తెలిసిందే అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బన్నుకి ఎప్పుడూ టీకా వేసినట్టు ఎవరికీ గుర్తులేదు. పదిరోజుల పరిశీలన ఎలాగూ నా బోనులోనే జరిగింది. అయినా వాడి టీకాలు దానికోసం ఆగకూడదని రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు నా తప్పు.

రాత్రి పదకొండుకి పొట్ట స్కానింగ్ చేశాను. నాలుగుచోట్ల చూస్తాం: కాలేయం దగ్గర, రెండు కిడ్నీల దగ్గర, మూత్రసంచి దగ్గర. ఒక్క మూత్రసంచి పక్కన మాత్రం సన్నగా నల్లటి చార కనిపించింది. కొంచెం రక్తం అయి ఉంటుందనుకున్నాను. ఎందుకంటే అంతకు ముందే బన్ను గోనె పట్టా మీద మూత్రం పోసింది. 'మూత్రం పోసింది, సంచి బాగానే ఉంది' అని రాసేశాను. పాఠం చదువుకున్నప్పుడు తెలుసు, పరీక్షలో రాశాను కూడా: మూత్రసంచి పగిలిన కుక్క కూడా మూత్రం పోయగలదు. చిల్లు పైభాగాన ఉంటే కింద కొంత నిలుస్తుంది, అది బయటికి వస్తుంది. తెలిసిన విషయమే రాత్రి పదకొండుకి గుర్తురాలేదు.

తెల్లవారుజామున నాలుగుకి ఊపిరి మళ్ళీ 56కి పెరిగింది. కుడివైపు ఇంకో 90 మిల్లీలీటర్ల గాలి తీశాం. తర్వాత మళ్ళీ అవసరం రాలేదు. దెబ్బతో చినిగిన ఊపిరితిత్తి చాలాసార్లు ఇలా తనంతట తానే అతుక్కుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం అది రెండుసార్లు వాంతి చేసుకుంది. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 2.8కి పెరిగింది. ఎర్ర పెన్ను గీత ఉందిగా, డైక్లోఫెనాక్ పని అనుకున్నాను. సెలైన్ పెంచాను. సాయంత్రం ఆరుకి మా అసిస్టెంటు సంతోషంగా వచ్చి, "మేడం, బన్ను ప్రశాంతంగా పడుకుంది, గుండె 72కి దిగింది" అన్నాడు. ఆ మాటకి నా కడుపులో చల్లబడింది. నిన్న 184 ఉన్న కుక్క, ఇంత నొప్పిలో, వాంతులతో, 72 అంటే అది నిద్ర కాదు. ఈసీజీ పెట్టాం. టీ అలలు కోసుగా లేచి ఉన్నాయి, పీ అలలు కనిపించనంత చిన్నవైపోయాయి. రక్తంలో పొటాషియం పెరిగిపోయిన గుర్తు అది. కొలిస్తే 7.1. మళ్ళీ స్కానింగ్ పెడితే నాలుగుచోట్లా నీరు. సూదితో ఐదు మిల్లీలీటర్లు లాగాను. లేత ఎరుపు కలిసిన గడ్డిరంగు. దాని క్రియాటినిన్ 9.1. అప్పటికి రక్తంలో 3.2. పొట్ట నీటిలో క్రియాటినిన్ రక్తంలో ఉన్నదానికి రెట్టింపు దాటితే అది మూత్రమే, వాదించడానికి ఏం లేదు.

పందొమ్మిది గంటలు పోయాయి. రాత్రి ఆ సన్నటి చారని రెండు గంటలకోసారి చూసి ఉంటే ఆదివారం పొద్దున్నే దొరికేది. ఇప్పుడు మా షీటులో 'మూత్రం పోసిందా' అన్న గడి తీసేశాం. దాని చోట 'పొట్ట స్కాన్ మళ్ళీ ఎన్నింటికి' అని గడియారం వేళలు ఉంటాయి, నాలుగు వరసలు. ఖాళీగా ఉంటే ఎవరూ ఇంటికి వెళ్ళరు, నాతో సహా.

పగిలిన మూత్రసంచి చూడగానే కోసేయాలనిపిస్తుంది. అలా పొటాషియం 7 ఉన్న కుక్కకి మత్తు ఇస్తే గుండె ఆగిపోతుంది. ముందు కాల్షియం గ్లూకోనేట్ 7 మిల్లీలీటర్లు పది నిమిషాలపాటు, ఈసీజీ చూస్తూ ఇచ్చాం. ఇది పొటాషియం తగ్గించదు, గుండెకి కాస్త వ్యవధి ఇస్తుంది, అంతే. పొటాషియం దించడానికి ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ ఇచ్చి, మూత్రనాళంలో కేథటర్ వేసి, పొట్టలోంచి నీరు బయటికి వెళ్ళేలా సన్న గొట్టం పెట్టాం. కేథటర్ నుంచి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే మూత్రసంచి పైకొన నుంచి మందు పేగుల మధ్యకి పాకింది. ఇక అనుమానం లేదు.

ఈలోగా రక్తపరీక్షలో ఇంకోటి బయటపడింది. రక్తకణాల శాతం శనివారం 31, ఆదివారం రాత్రికి 22. ప్లేట్‌లెట్లు 41,000. లక్షన్నర పైన ఉండాల్సినవి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు చూసినప్పుడే అనుమానించాల్సింది. కిట్ పరీక్షలో ఎర్లీకియా, అంటే పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బు, పాజిటివ్. మన దగ్గర వీధికుక్కల్లో ఇది ఎంత మామూలంటే, దెబ్బతో వచ్చిన కుక్క రక్తం బాగానే ఉంటుందనుకోవడమే పొరపాటు. ఇలాంటి రక్తంతో పొట్ట కోస్తే కారడం ఆగదు.

రక్తం కావాలి. కుక్కలకి బ్లడ్ బ్యాంకు మా ఊళ్ళో లేదు. మా దగ్గరకి టీకాలకి వచ్చే ఒక లాబ్రడార్ ఉంది, 31 కిలోలు, పిడుదుల రోగాలు లేవని మొన్నే పరీక్ష చేశాం. దాని యజమాని రిటైర్డ్ టీచరుగారు. ఫోన్ చేస్తే, "మావాడు భోజనం చేసేశాడమ్మా, పర్లేదా?" అని అడిగారు. మత్తివ్వకుండా, తల నిమురుతూ, మెడ నరం నుంచి 350 మిల్లీలీటర్ల సంచి నింపాం. అంత బరువున్న కుక్కకి అది ఇబ్బంది కాదు. బన్ను ఇంతకు ముందు రక్తం ఎక్కించుకోలేదు కాబట్టి మొదటిసారి ప్రమాదం తక్కువే. అయినా స్లైడు మీద రెండు రక్తాలూ కలిపి, కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుంపు కట్టడం లేదని చూసుకున్నాం. మొదటి అరగంట చుక్క చుక్కగా, తర్వాత నాలుగు గంటల్లోపు 280 మిల్లీలీటర్లు. కణాలు 29కి పెరిగాయి. ప్లేట్‌లెట్లు ఇలా పెద్దగా పెరగవు, 58,000 అయ్యాయి. కానీ తాజా రక్తంలో గడ్డకట్టించే పదార్థాలు ఉంటాయి, ఆ ధైర్యం చాలు.

సోమవారం పొద్దున టీ కొట్టు ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. నిద్రపుచ్చడం గురించి కూడా చెప్పాను. ఆ మాట ఎత్తకుండా ఉండడం దయ అని కొందరనుకుంటారు. నేననుకోను. నడుము పూర్తిగా చచ్చుబడి లోతైన నొప్పి కూడా తెలియని కుక్కని, ఊపిరితిత్తులు కోలుకోలేనంతగా చితికిన కుక్కని మూడురోజులు ఈడ్చి చంపడం మన తృప్తి కోసం చేసే పని. నిద్రపుచ్చేదైనా పూర్తి మత్తులోనే జరగాలి. స్పృహలో ఉన్న కుక్కకి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించి 'పడుకోబెట్టాం' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది ఊపిరాడక చావడం. బన్ను సంగతి వేరు. సంచి కుట్టొచ్చు, రక్తం దొరికింది, కాలు పోవచ్చు. ఆయన చాలాసేపు బల్ల అంచు పట్టుకుని కూర్చుని, "మీ ఇంటి కుక్కయితే ఏం చేస్తారమ్మా?" అన్నాడు. చేయిస్తానన్నాను. "అయితే చేసెయ్యండి."

మంగళవారం పొద్దునకి పొటాషియం 4.6, క్రియాటినిన్ 1.9. ఐసోఫ్లురేన్ మత్తులో పొట్ట తెరిచాం. సంచి కొనమీద రెండు సెంటీమీటర్ల చీలిక, అంచులు నల్లబడి. చచ్చిన అంచు తీసేసి, కరిగే దారంతో కుట్టి, సెలైన్ నింపి కారడం లేదని చూసి, పొట్టంతా గోరువెచ్చని సెలైన్‌తో కడిగాం. పొట్ట తెరిచే ఉంది కదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేయమని అసిస్టెంటు అడిగాడు. 58,000 ప్లేట్‌లెట్లతో అవసరం లేని ఒక్క కుట్టు కూడా వేయను. అదే మత్తులో కాలు గాయం బాగా కడిగి తేనె కట్టు వేశాం.

కాలు గురించి ఆశ వారం రోజులు పట్టుకున్నాను. వేళ్ళు చల్లగానే ఉన్నాయి, గిల్లితే తెలియడం లేదు, పాదం దగ్గర చర్మం నల్లబడింది. ఇనుప చట్రం బిగించి మూడునెలలు కట్లు మార్చే దారి కాగితం మీద ఉంది. టీ బండి కింద పడుకునే కుక్కకి ఆ మూడునెలలు ఎవరు చేస్తారు? ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన ఎనిమిదో రోజుకి ప్లేట్‌లెట్లు 1,60,000 అయ్యాయి. పదోరోజు తొడ మధ్యలో కాలు తీసేశాం, నరాలు మొద్దుబారేలా బుపివకైన్ ముందే వేసి. కిడ్నీలు అప్పటికి సర్దుకున్నా మెలాక్సికామ్ ఇంకా ఇవ్వలేదు. మర్నాడు పొద్దున బోను తలుపు తీస్తే మూడు కాళ్ళమీద లేచి, గోడకి ఒకసారి ఒరిగి, నేరుగా గిన్నె దగ్గరకి వెళ్ళింది.

మొత్తం మందులు, పరీక్షలు, ఆక్సిజన్ ఖర్చు 19,000 చిల్లర. ఆపరేషన్ల చార్జీ నేను తీసుకోలేదు. అలా అన్ని కేసులకీ చేయలేనని కూడా ఇక్కడే చెప్పడం మంచిది. టీ బండి దగ్గర డబ్బా పెడితే లారీ డ్రైవర్లు వేసినవి 6,400. మిగతాది టీచరుగారు, ఫార్మసీ కుర్రాడి క్లాసువాళ్ళు.

ఎక్కడికి పంపాలన్నది ఆఖరి సమస్య. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నియమాల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక వీధికుక్కని తీసుకొచ్చిన చోటే వదలాలి. మూడు కాళ్ళ కుక్కని హైవే సర్వీసు రోడ్డు మీద వదలడానికి నాకు చెయ్యి రాలేదు. "మా ఊళ్ళో అరుగుంది కదమ్మా" అన్నాడాయన. హైవేకి నాలుగు కిలోమీటర్ల లోపల. ఎవరైనా పెంచుకుంటానంటే ఇక అది వీధికుక్క కాదు.

ఆరువారాలకి పిల్లలు పుట్టని ఆపరేషన్‌కి తీసుకొచ్చాడు. 15.6 కిలోలు. పిడుదుల మందు, రేబిస్ టీకా అయ్యాయి. మూత్రం పోయడానికి కూర్చునేటప్పుడు మాత్రం ఎడమపక్కకి ఒరిగిపోతుందట, గోడ పక్కన చోటు వెతుక్కుంటుందట. ఫార్మసీ కుర్రాడి ఆఖరి డోసు కాగితం కూడా తెచ్చాడు, నేను అడుగుతానని. క్లినిక్ మెట్లెక్కనని బన్ను మొండికేస్తే ఆయన జేబులోంచి బన్ను ముక్క తీశాడు. ఆపరేషన్ ముందు ఖాళీ కడుపు ఉండాలని రెండుసార్లు చెప్పాను. మర్నాటికి వాయిదా వేశాం.